చక్రం కింద రాయి



మూడు నెలలుగా ఇక్కడ ఏమీ రాయలేదని కొందరు ఫోన్లు చేశారు. ప్రభువు కృపవల్ల ఇద్దరం క్షేమంగానే ఉన్నాం. అమ్మాయి కాన్పుకని అమెరికా వెళ్లాం, టెక్సాస్‌లో డల్లస్ పక్కన. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా బాగున్నారు. మీరు చేసిన ప్రార్థనలకు కృతజ్ఞతలు. ఆ సంగతులు ఇంకోసారి రాస్తాం. ఈసారి రాసేది ఒక పాత పందెపు కారుకు బ్రేకు తాళం బిగించిన సంగతి. నవ్వకండి. మాకూ మొదట నవ్వే వచ్చింది.

ముందు మా జీపు గురించి చెప్పాలి. మా చుట్టుపక్కల ఊళ్లవారికి అది బాగా తెలుసు. దాని హ్యాండ్ బ్రేకు పట్టదు. సువార్త కూటాలకు మైకు సెట్టు, జంపఖానాలు, డోలకు వేసుకుని చెరువు కట్ట ఎక్కుతుంటే సగంలో ఇంజను ఆగిపోయేది. ఆగకుండా ఎక్కిన రోజులు తక్కువ. అప్పుడు మా చిన్నబ్బాయి వెనక నుంచి దూకేవాడు. వాడి కాళ్ల దగ్గర ఎప్పుడూ ఒక నల్లరాయి ఉండేది. దాన్ని వెనక చక్రం కింద పెట్టి, "పెట్టా నాన్నా!" అని కేక వేసేవాడు. ఆ కేక విన్నాకే బ్రేకు మీద నుంచి కాలు తీసి క్లచ్చి సంగతి చూసుకునేవాళ్లం. బండి ముందుకు కదలగానే రాయి ఎత్తుకుని పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కేవాడు. అప్పుడు వాడికి పదేళ్లు. మైకు సెట్టుతో సహా వెనక్కి జారే బండి కిందికి కన్నబిడ్డను రాయి పెట్టమని పంపామా అని తలచుకుంటే ఇప్పుడు గుండె ఝల్లుమంటుంది. అప్పుడు మాత్రం అది సేవ అనుకున్నాం.

వాడు మెకానికల్ చదివాడు. ఇప్పుడు అక్క ఇంటికి గంట దూరంలో ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్నాడు. మేము వెళ్లేనాటికి వాడు మాతో మాట్లాడి రెండేళ్లు దాటింది.

తప్పు మాది. ఇన్నాళ్లూ ఇక్కడ అది రాయలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాం. వాడు ఆదివారాలు మందిరానికి వెళ్లడం లేదనీ, పాత కారు ఒకటి కొని పందేల మైదానానికి పోతున్నాడనీ తెలిసింది. ఫోన్ చేసి, "ఏం బాబూ, ఎలా ఉన్నావు" అని అడగాల్సింది. అది చేయలేదు. లూకా సువార్త 15వ అధ్యాయం తీసి తప్పిపోయిన కుమారుని మీద ప్రసంగం చేశాం. పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా, దూరదేశం అనగానే సంఘమంతా తల తిప్పి మా వైపే చూసింది. పలికిన నోరు ఒకటే అయినా, ముందురోజు రాత్రి దీపం ముందు కూర్చుని ఇద్దరం కలిసి తయారు చేసిన ప్రసంగమే అది. ఆమెన్‌లు బాగా వచ్చాయి. ఎవరో ఫోన్‌లో రికార్డు చేశారు. వారం తిరగకుండా అది వాట్సాప్‌లో సముద్రం దాటి వాడికి చేరింది.

ఆ తర్వాత ఆ అధ్యాయాన్ని చాలాసార్లు చదివాం. ముందు ఎన్నడూ కళ్లబడని సంగతి ఒకటి కనబడింది. ఆ తండ్రి నోట చిన్న కుమారుడి పాపాల జాబితా ఒక్కసారి కూడా రాదు. వేశ్యల మాట ఎత్తింది పెద్ద కుమారుడు. ఆ రోజు పులిపిటు మీద మేము నిలబడింది ఎవరి స్థానంలోనో మీరే చెప్పగలరు.

సరే, బిడ్డను చూడడానికి వాడు వచ్చాడు. మేనకోడలిని ఎత్తుకున్నాడు, వాళ్ల అమ్మ కాళ్లకు దండం పెట్టాడు, రెండో వైపు చూసి "బాగున్నారా" అన్నాడు. పోతూ పోతూ గుమ్మంలో నిలబడి, "శనివారం కారు పని ఉంది. ఇద్దరూ వస్తే వచ్చి తీసుకెళ్తా" అన్నాడు. ఎందుకు రమ్మన్నాడో అడగలేదు. సంచిలో పప్పుచెక్కలు సర్దుకుని వెళ్లాం.

కారు షెవర్లే నోవా. 1972 నాటిది. మా పెళ్లి కంటే పాతది. లోపల సీట్లు సగం పీకేసి ఉన్నాయి. ముందు చక్రాలు సన్నం, వెనకవి మా ట్రాక్టరు గుర్తొచ్చేంత వెడల్పు, వాటి మీద గాడులు లేవు, నున్నగా ఉన్నాయి. గాడులు లేని టైరు అరిగిపోయిన టైరేనని మా లెక్క. కాదట. పందెపు టైర్లు అలాగే ఉంటాయట. అవి రోడ్డును పట్టాలంటే ముందు వేడెక్కాలి. చల్లగా ఉన్న రబ్బరు జారుతుంది, వేడెక్కిన రబ్బరు జిగురులా అంటుకుంటుంది. అందుకని పందేనికి ముందు వెనక చక్రాలను తడిపి, ఉన్న చోటనే గిరగిరా తిప్పి పొగ వచ్చేదాకా రాపిడి పెడతారు.

ఇక్కడే చిక్కు. ఇంజను శక్తి వెనక చక్రాలకు పోతుంది. అవి తిరుగుతుంటే కారు ముందుకు దూకుతుంది. ఆపుదామని బ్రేకు తొక్కితే నాలుగు చక్రాలకూ పడుతుంది, వెనకవి తిరగవు, పైగా వెనక బ్రేకులు మాడిపోతాయి. ముందు రెండు చక్రాలను మాత్రమే గట్టిగా పట్టి ఉంచాలి, వెనకవాటిని వదిలేయాలి. దానికే ఈ లైన్ లాక్. అరచేతిలో పట్టే చిన్న ఇత్తడి దిమ్మ, దానికి ఒక కరెంటు చుట్ట. మాస్టర్ సిలిండర్ నుంచి ముందు బ్రేకులకు పోయే పైపుకు మధ్యలో దాన్ని బిగిస్తారు. మామూలుగా దాని దారి తెరిచే ఉంటుంది, ఆయిల్ అటూ ఇటూ పోతుంది. పెడల్ తొక్కి గేరు రాడ్డు మీది బటన్ నొక్కితే, 12 వోల్టుల కరెంటు పోయి లోపలి వాల్వు మూసుకుంటుంది. ఇక పెడల్ మీద నుంచి కాలు తీసేసినా ముందు చక్రాల దగ్గర ఒత్తిడి అలాగే నిలిచి ఉంటుంది. వెనక బ్రేకులు మాత్రం వదులవుతాయి. బటన్ వదిలేదాకా కారు కదలదు.

"నా రాయి అన్నమాట" అన్నాడు వాడు. రెండేళ్లలో వాడు మా ఎదుట నవ్వడం అదే మొదలు.

మా నోరు ఊరుకోదు కదా. "ఎంత మంచి ఉపమానం బాబూ, విశ్వాసి జీవితంలో కూడా" అని మొదలుపెట్టాం. వాడు స్పానర్ కింద పెట్టి, "నాన్నా, ఇది వాల్వు. దీన్ని వాల్వుగానే ఉండనివ్వండి" అన్నాడు. ప్రతి వస్తువులోనూ ప్రసంగం వెతకడం మా వృత్తికి పట్టిన జబ్బు. ఆ రోజుకు నోరు మూసుకున్నాం. ఇప్పుడు రాస్తున్నది కూడా వాడికి చదివి వినిపించి, సరే అన్నాకే పెడుతున్నాం. రెండుచోట్ల మేము తప్పు రాసిన యంత్రం సంగతులు వాడే దిద్దాడు.

పని మొదలైంది. పాత పైపు కోసి, కొత్త ముక్కలు తయారు చేయాలి. అంగుళంలో పదహారో వంతులు మూడు, అంత సన్నటి పైపు. రాగీ నికెలూ కలిపిన రకం, చేత్తోనే వంగుతుంది. పైపు చివర నట్టు పట్టుకోవడానికి దాని మూతిని పూవులా విప్పాలి. ఊరికే విప్పితే చాలదు. ముందు ఒక దిమ్మతో నొక్కి ఉబ్బెత్తుగా చేసి, తర్వాత మొనతో ఆ అంచును లోపలికి మడవాలి. మూతి రెండు పొరలుగా వస్తుంది. ఒక పొరే ఉంటే బ్రేకు ఒత్తిడికి చీలిపోతుంది. మూతి మడిచే శ్రమ లేకుండా నొక్కి పట్టే జాయింట్లు కూడా దొరుకుతాయట, నీళ్ల పైపులకు వాడేవి. బ్రేకు పైపుకు అవి ఎప్పుడూ పెట్టకూడదని రెండుసార్లు చెప్పాడు.

ఒక మూతి మమ్మల్ని చేయమన్నాడు. ఎంతో శ్రద్ధగా కోశాం, ఆకురాయితో నునుపు చేశాం, దిమ్మ పెట్టి నొక్కాం, మడిచాం. చక్కగా వచ్చిందని మురిసిపోయి చూపించాం. వాడు పైపు అందుకుని, నట్టు చేతిలోకి తీసుకుని, మా ముఖంలోకి చూశాడు. మూతి విప్పకముందే నట్టు పైపులోకి ఎక్కించాలి. విప్పాక ఎక్కదు. పాస్టరమ్మగారు పప్పుచెక్క నోట్లో పెట్టుకుని పగలబడి నవ్వారు. కోసి మళ్లీ చేశాం. రెండోసారి నట్టు మరిచిపోలేదు.

దిమ్మను ఇంజను గొట్టాల వేడి తగలని చోట, లోపలి వైపు బిగించాడు. వైర్లకు ఫ్యూజు పెట్టాడు, బటన్‌కు ముందు ఇంకో స్విచ్చి పెట్టాడు, చెయ్యి పొరపాటున తగిలినా ముందు చక్రాలు పట్టేయకుండా. అప్పటికి రాత్రి తొమ్మిదయింది. ఇక మిగిలింది గాలి తీయడం.

పైపు ఊడదీస్తే లోపలికి గాలి పోతుంది. ఆయిల్ అణగదు, గాలి అణుగుతుంది. గాలి ఉంటే మీ కాలి బలమంతా ఆ బుడగను నొక్కడానికే సరిపోతుంది, పెడల్ మెత్తగా దిగిపోతుంది. ఇది మాకు తెలుసు. ఊళ్లో మెకానిక్ సాయిబు గారు మా జీపుకు ఈ పని చేసినప్పుడల్లా చిన్నోడు పక్కనే గొంతుకూర్చునేవాడు. ఎడమవైపు స్టీరింగు కారుకు కుడి వెనక చక్రంతో మొదలుపెట్టి, తర్వాత ఎడమ వెనకది, కుడి ముందుది, చివర ఎడమ ముందుది. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్నదాని నుంచి దగ్గరికి. తెరిచింది ముందు పైపే అయినా, ఆయిల్ పాతబడింది కాబట్టి నాలుగూ తీద్దామన్నాడు.

మాలో ఒకరిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు, ఒకరి చేతికి టార్చి ఇచ్చాడు. వాడు చక్రం దగ్గర పడుకున్నాడు, కనబడడు. గొంతు ఒక్కటే వినబడుతుంది.

"తొక్కండి... వదలండి. తొక్కండి... వదలండి. తొక్కి పట్టుకోండి."

"పట్టుకున్నాం."

నట్టు వదులు చేస్తాడు, పెడల్ నేల దాకా పోతుంది, బుడగలు సీసాలోకి పోతాయి.

"వదలకండి... బిగించా. ఇప్పుడు వదలండి."

బిగించకముందే కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. కాబట్టి వాడు చెప్పేదాకా కాలు కదపకూడదు. ఒక్కో చక్రానికి పదీ పన్నెండుసార్లు. రెండేళ్లలో వాడితో అంతసేపు మాట్లాడింది లేదు. ఒక్క మాట కూడా బోధ కాదు. వాడు చెప్పడం, మేము చేయడం. అంతకుముందు ఎన్నడూ మా ఇంట్లో ఆ వరుస లేదు.

పదకొండు దాటాక పెడల్ గట్టిపడింది. "అయిపోయింది, దిగండి" అన్నాడు. ముఖం వాడిపోయి ఉంది, చేతులు పై నుంచి కింద దాకా నూనె. దిగబోతూ ఊరికే ఒకసారి గట్టిగా తొక్కి పట్టుకున్నాం. గట్టిగానే ఉంది. పట్టుకునే ఉన్నాం. అరనిమిషానికి, కాలికింద ఏదో చాలా నెమ్మదిగా, వెంట్రుకవాసి అంత, దిగినట్టనిపించింది. మళ్లీ తొక్కాం. మళ్లీ అంతే.

చెప్పడానికి భయం వేసింది. ఇది మీరు అర్థం చేసుకోవాలి. ఆ పిల్లవాడికి మేము చిన్నప్పటి నుంచి చెప్పినవన్నీ తప్పులే. జుట్టు, స్నేహితులు, లెక్కల మార్కులు, చివరికి పులిపిటు మీద నుంచి కూడా. ఇప్పుడు మళ్లీ "నీ పని సరిగ్గా లేదు" అని మా నోటి నుంచే రావాలా? ఊరుకుంటే ఆ రాత్రి హాయిగా ముగుస్తుంది. పైగా మా కాలి మీద మాకు నమ్మకం లేదు, అరవై దాటిన మోకాలు, దానికి ఏమనిపిస్తే అది నిజమా? పిల్లలకు కోపం పుట్టించవద్దని పౌలు తండ్రులకు రాసిన మాట, ఎఫెసీ 6వ అధ్యాయంలోది, రెండేళ్లుగా మా ఎదుట నిలబడే ఉంది. కానీ ఇది బ్రేకు. ఈ బండిలో కూర్చునేది వాడు.

"బాబూ, పెడల్ కొంచెం దిగుతోంది."

వాడు మాట్లాడలేదు. తువ్వాలు తీసుకుని పైపులన్నీ పొడిగా తుడిచాడు. "తొక్కి పట్టుకోండి" అన్నాడు. "అమ్మా, లైటు ఇక్కడ." చాలాసేపు నిశ్శబ్దం. కాలు వణకడం మొదలైంది. అప్పుడు దిమ్మ కింద నట్టు అంచున ఒక చుక్క ఊరింది. ఆవగింజంత. పడలేదు, అలా వేలాడుతూ ఉంది.

నట్టు విప్పి పైపు మూతి లైటుకు ఎత్తి చూశాడు. మడత ఒక పక్కకు ఒరిగి ఉంది. అది రెండోసారి మేము చేసిన మూతి.

"అది మేము చేసిందే నాయనా" అన్నాం.

"మనం చేసిందే" అన్నాడు వాడు. "చూసుకోకుండా బిగించింది నేను కదా."

తెలుగులో మేము అంటే ఒకటి, మనం అంటే ఒకటి. వాడు ఏ మాట వాడాడో ఇద్దరమూ విన్నాం. టార్చి లైటు కాస్త కదిలింది.

మళ్లీ కోసి, మళ్లీ మడిచి, మళ్లీ గాలి తీసి ముగించేసరికి ఒంటిగంటన్నర. కారు ఇంకా నాలుగు స్టాండ్ల మీదే ఉంది. చివరి పరీక్ష మిగిలింది. వాడే సీట్లో కూర్చుని పెడల్ తొక్కాడు, బటన్ నొక్కాడు, టక్‌మని చిన్న చప్పుడైంది. కాలు తీసేసి, "ముందు చక్రం తిప్పి చూడండి" అన్నాడు. రెండు చేతులతో బలమంతా పెట్టాం. కదల్లేదు. వెనక చక్రం వేలితో నెడితే కదులుతోంది. మళ్లీ ముందుకు వెళ్లి పట్టుకున్నాం. "నా కాలు పెడల్ మీద లేదు, చూడండి" అన్నాడు వాడు, కాలు పైకెత్తి చూపిస్తూ. "అయినా తిరగదు. వాల్వు తెరిచేదాకా లోపల ఒత్తిడి అలాగే ఉంటుంది."

వాడు చెప్పింది కారు గురించే. మాకు ఆ చక్రం మీద నుంచి చేతులు తీయబుద్ధి కాలేదు. ఆ ప్రసంగం అయ్యాక మేము ఇంటికొచ్చి భోంచేసి పడుకున్నాం. మా కాలు ఎప్పుడో తీసేశాం. మరుసటి ఆదివారానికి వేరే వాక్యం, వేరే ప్రసంగం. వాడి దగ్గర మాత్రం అది రెండేళ్లు బిగుసుకుని అలాగే ఉంది.

"ఆ రోజు నిన్ను సంఘం ముందు పెట్టాం. పెట్టకూడదు బాబూ. మమ్మల్ని క్షమించు" అన్నాం. నేల మీద కూర్చునే అన్నాం. అంతకన్నా ఏమీ చేర్చలేదు, ఒక వచనం కూడా.

వాడు చాలాసేపు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత బటన్ వదిలాడు. చేతి కింద చక్రం వదులైంది. "చుట్ట వేడెక్కుతుంది, ఎక్కువసేపు నొక్కి ఉంచకూడదు" అన్నాడు. దిగి వచ్చి, చేతులు కడుక్కోకుండానే వాళ్ల అమ్మ పక్కన కూర్చుని పప్పుచెక్కలు తిన్నాడు. క్షమించాననే మాట ఆ రాత్రి అనలేదు. మేమూ అడగలేదు.

రెండు వారాల తర్వాత ఎన్నిస్ అనే ఊరి దగ్గర టెక్సాస్ మోటర్‌ప్లెక్స్‌కు తీసుకెళ్లాడు. 1986లో కట్టిన మైదానం, పావుమైలు బాట మొత్తం కాంక్రీటు. పావుమైలంటే నాలుగు వందల మీటర్లు. అంత దూరానికి ఇంత ఖర్చా అని మనసులో అనుకున్నాం, బయటికి అనలేదు. పందెం మొదలు చెప్పే దీపాల స్తంభాన్ని వాళ్లు క్రిస్మస్ చెట్టు అంటారట, అది మాత్రం నచ్చింది. తడి నేల మీదికి తెల్లటి హెల్మెట్ పెట్టుకుని మా వాడు వచ్చాడు. ముందు చక్రాలు మేకులు కొట్టినట్టు నిలిచిపోయాయి, వెనక పెద్ద పొగ లేచి కారంతా కప్పేసింది. పాస్టరమ్మగారు "ప్రభువా" అని చెయ్యి పట్టుకున్నారు. పొగలోంచి కారు మెల్లగా ముందుకు దొర్లింది. బటన్ వదిలాడన్నమాట. దీపాలు ఒకటొకటిగా దిగాయి. ఆ తర్వాత సంగతి చెప్పడానికి మాకు మాటలు రావు. అవతలి చివర బ్రేకు దీపాలు వెలిగేదాకా ఊపిరి తీసుకోలేదు.

తిరిగొచ్చాక మొదటి ఆదివారం, రెండేళ్ల కిందటి ఆ ప్రసంగం గురించి సంఘం ముందే చెప్పాం. తండ్రిగా కాక పెద్ద కుమారుడిగా ప్రసంగించామని ఒప్పుకున్నాం. ఒక పెద్దాయనకు నచ్చలేదు. కాపరి ఇలాంటివి మందిరంలో చెప్పుకోకూడదన్నారు. ఆయన బాధ ఆయనది. దీన్ని కూడా ఎవరో రికార్డు చేసే ఉంటారు, చేరితే చేరనీ అనుకున్నాం.

వాడు మందిరానికి వెళ్తున్నాడా అని మీలో కొందరు అడుగుతారు. మేము అడగలేదు. కిందటి ఆదివారం రాత్రి వాడే ఫోన్ చేశాడు. అక్కడ ఇంకా పొద్దున్నే. మేనకోడలి దగ్గు గురించి కాసేపు, మామిడి పూత గురించి కాసేపు మాట్లాడాడు. పెట్టేసే ముందు, "జీపు హ్యాండ్ బ్రేకు చేయించారా?" అన్నాడు.

"ఇంకా లేదు."

"మరి కట్ట ఎక్కేటప్పుడు?"

"రాయే. ఇప్పుడు మీ అమ్మ దిగి పెడుతోంది."

అటువైపు ఒక్క క్షణం ఏమీ వినబడలేదు. తర్వాత వాడు నవ్వడం మొదలుపెట్టాడు. "అమ్మకు ఫోన్ ఇవ్వండి" అన్నాడు.